నీళ్ల రుచి చెప్పిన పిల్ల

సముద్రం బెజవాడ దాటిందని రేడియోలో విన్న రోజు కొల్లాపూర్ పక్కనున్న ఎర్రగుట్ట ఊళ్లో ఎవరూ పెద్దగా బెదరలేదు. సముద్రమెక్కడ, మనమెక్కడ అనుకున్నారు. వానే ముఖం చూపించి రెండేళ్లయింది, ఇక సముద్రమా వచ్చేది అని నవ్వుకున్నారు కూడా. అది రెండువేల ఎనభై తొమ్మిదిలో మాట. తొంభై ఆరు నాటికి నవ్వేవాళ్లు లేరు. బెజవాడ రేడియో మూగబోయింది. నల్లగొండ దిక్కు ఊళ్లలో మంచినీళ్ల బావులు ఒక్కొక్కటే ఉప్పెక్కాయి. కృష్ణ కొన్ని రోజులు కిందికి పారడం మాని పైకి నడిచింది. ఆ నడకను కళ్లారా చూసొచ్చిన గొర్లకాపరి కాటమయ్య మళ్లీ ఆ ఒడ్డుకు మంద తోలలేదు.

అప్పుడే వజీరకు నీళ్ల రుచి చూసే పని అప్పగించారు. వజీరకు పదేళ్లు. బావుల్లో పూడిక తీసే బషీర్ కూతురు. తల్లి లేకపోతే నాయనమ్మ, దాదీ ఇక్బాల్ బీ పెంచింది. పొద్దున్నే ఎవరూ బిందె ముంచకముందే వజీర మెట్ల బావిలోకి దిగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, పైన నిలబడ్డవాళ్లకు రుచి చెప్పాలి. పెద్దవాళ్ల నాలుకలు పనికిరావు. ఒకరిది చుట్ట పాడుచేసింది, ఒకరిది కల్లు, మరొకరిది సున్నం, వక్క. పిల్ల నాలుక అబద్ధం చెప్పదన్నాడు పటేలు రామచంద్రయ్య. పిల్లల సంగతి ఆయనకేం తెలుసు!

"ఎట్లున్నయ్ బిడ్డా నీళ్లు?" అని ఆయన పైనుంచి అడిగేవాడు.

"తియ్యగున్నయ్ తాతా!"

ఆ మాట వినబడ్డాకే బిందెలు కదిలేవి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చెప్పడానికే సిగ్గుగా ఉంటుంది గానీ చెప్పకపోతే కథ సాగదు. నీళ్లు ఉప్పెక్కిన రోజున, ఊరికి అందరికంటే ఆఖర్న వచ్చిన కుటుంబం వెళ్లిపోవాలి. సముద్రం తాను ముంచిన ఊళ్ల నుంచి తప్పించుకున్న తన మనుషులను వెతుక్కుంటూ వస్తుందట. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడి బావిలో చేరుతుందట. ఎవరు పుట్టించారో ఏమో, షాద్‌నగర్ దాకా అందరి నోటా అదే మాట.

ఆఖర్న వచ్చింది నాంచారి వాళ్లు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, దివిసీమలో ఉండేది వాళ్ల ఊరు. ఇప్పుడు ఆ ఊరు లేదు. తల్లీ కూతుళ్లిద్దరే మిగిలారు. పిల్ల పేరు వినగానే ఇక్బాల్ బీ, "నాంచారంటే మా బీబీ నాంచారే గదా! మా ఇంటి పిల్లవే నువ్వు" అని సొంతం చేసేసుకుని, ఖాళీగా ఉన్న పశువుల కొట్టంలో జాగా ఇచ్చింది. నెల తిరక్కుండా పిల్లలిద్దరికీ ఒకే కంచం, ఒకే మంచం.

నాంచారికి ఒక్కటే వింత అలవాటు. నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి చూసేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

"ఏం జూస్తున్నవే?" అని అడిగింది వజీర ఒకరోజు.

"వస్తందేమోనని."

"ఎవ్వలు?"

"సముద్రం. మేం నల్లగొండలో ఆగినప్పుడు అట్టాగే వచ్చింది. అంతకుముందు ఊళ్లోనూ అంతే. మా చెల్లిని తీసుకుపోయిన రోజు నన్ను మర్చిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చుంటది."

ఆ మాట అన్నప్పుడు నాంచారి గొంతులో భయం లేదు. అందుకే వజీర కూడా వెనక్కి తిరిగి చూసింది.

ఎండలు ముదిరిన ఒక పొద్దున, దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్న వజీర అలాగే నిలబడిపోయింది. ఏడ్చినప్పుడు పెదవి మీదికి జారే రుచి అది. ఉమ్మేస్తే పైవాళ్లు చూస్తారు. తల ఎత్తింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల మధ్యలో, అందరికంటే చిన్న బిందెతో నాంచారి నిలబడి ఉంది.

"ఎట్లున్నయ్ బిడ్డా?"

వజీర ఆ నీళ్లను గుటుక్కున మింగింది. "తియ్యగున్నయ్ తాతా!"

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. తను ఊరందరికీ ద్రోహం చేస్తున్నానని ఆ పిల్ల రోజూ అనుకునేది. ఎవరైనా దగ్గితే చాలు, తన వల్లేనేమోనని ఉలిక్కిపడేది.

అయిదో రోజున దాదీ పప్పు వండుతుంటే వజీర పక్కనే కూర్చుంది. ఇక్బాల్ బీ పసుపు వేసింది, కారం వేసింది, పోపు పెట్టింది. ఉప్పు డబ్బా మూత మాత్రం తియ్యలేదు. పప్పు నోట్లో పెట్టుకుంటే ఉప్పు సరిగ్గా సరిపోయింది.

"దాదీ... ఉప్పెయ్యలే గద?"

ముసలామె మనవరాలి కళ్లలోకి చూసింది. "తిను బిడ్డా. అడగకు."

ఆ తర్వాత వజీర కళ్లకు అన్నీ కనబడసాగాయి. పక్కింటి అండాలు ఉప్పు వెయ్యకుండానే జొన్న గటక వండుతోంది. రామచంద్రయ్య ఇంట్లో పాలు పోస్తే చాయ్ విరుగుతోంది, ఆయన నల్ల చాయ్‌తో సరిపెట్టుకుంటున్నాడు. అందరికీ తెలుసు. తెలిసీ ప్రతి పొద్దునా బావి గట్టున నిలబడి, పదేళ్ల పిల్ల నోటి నుంచి ఆ అబద్ధం విని, బిందెలు నింపుకుంటున్నారు. ఆ తల్లీ కూతుళ్లను ఎండలో రోడ్డు మీదికి తోలడానికి మనసొప్పక కొంత. అంతకంటే, సముద్రం మన బావిలోకే వచ్చేసిందని ఒప్పుకునే ధైర్యం లేక.

వజీర నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది పన్నెండు రోజులు ఓర్చుకుంది. పదమూడో రోజు ఇద్దరూ వేపపండ్లు ఏరుతుంటే ఆపుకోలేకపోయింది.

"నీకొకటి చెప్త. ఎవ్వలకు చెప్పొద్దు. బావి నీళ్లు ఉప్పగైనయ్. నేనే చెప్తలేను. చెప్తే నిన్ను పంపిస్తరు గద!"

నాంచారి సంబరంతో తనను చుట్టేసుకుంటుందనుకుంది పిచ్చిది. నాంచారి మెల్లగా వెనక్కి తిరిగి, ఎర్రటి చెలక భూముల వైపు చూసింది.

"ఎన్నాళ్లయింది? ఉప్పునీళ్లు తాగి పెరిగినోళ్లం, కొద్దిపాటి ఉప్పు మాకు తెలీదు."

"పన్నెండు దినాలు."

"పన్నెండు రోజుల నుంచీ మీ దాదీ ఆ నీళ్లే తాగుతోందా?"

"మంచిగనే ఉన్నది దాదీ. ఏం కాలే."

నాంచారి ఏరిన వేపపండ్లన్నీ వజీర ఒళ్లో పోసి లేచింది.

తెల్లారేసరికి కొట్టం ఖాళీ. నేల ఊడ్చి ఉంది. దాదీ ఇచ్చిన బొంత మడతపెట్టి ఉంది. దాని పక్కన చిన్న బిందె బోర్లించి ఉంది. బావి దగ్గర రామచంద్రయ్య కండువాతో ముఖం తుడుచుకుని, "పాపం, వాళ్లంతట వాళ్లే పోయిన్రు. ఇగ నీళ్లు మంచిగైతయ్" అన్నాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. వజీరకు మాత్రం అందరి ముఖాలూ గోళ్లతో రక్కాలనిపించింది.

వారం రోజులు ఎదురుచూశారు. ఎనిమిదో రోజు పొద్దున గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. వజీర మెట్లు దిగి నీళ్లు నోట్లో పోసుకుంది. మునుపటి కంటే రెట్టింపు ఉప్పు.

"ఎట్లున్నయ్ బిడ్డా?" అని అడిగాడు రామచంద్రయ్య, గట్టు మీంచి ముందుకు వంగి.

"ఉప్పగున్నయ్ తాతా!" అని అరిచింది. బావి ఆ మాటను రెండుసార్లు పలికింది. "నాంచారి పోయినా ఉప్పగనే ఉన్నయ్. ఉప్పు ఆమె తేలే. మీరే పంపిన్రు. నేనే పంపిన!"

ఒక్క బిందె కూడా కదలలేదు.

నెల లోపు ఎర్రగుట్ట బండ్లు కట్టింది. బయల్దేరే ముందు వజీర దగ్గుమందు సీసా ఒకటి కడిగి, బావి నీళ్లు నింపి, బిరడా బిగించి చున్నీ కొంగున కట్టుకుంది. దారిలో ప్రతి ఊళ్లోనూ, ప్రతి గుడారం దగ్గరా ఆగి, వెనక్కి చూస్తూ నడిచే పిల్ల కనబడిందా అని అడిగింది. చూశామన్నవాళ్లు లేరు. కోస్గి పొలిమేరలో వాళ్లను ఆపేశారు. సముద్రం మనుషులట, ఊళ్లోకి రావద్దట.

ఆ ఊరికీ ఒక రుచి చూసే పిల్ల ఉంది. పేరు షంషున్నీసా. దూరంగా నిలబడి వజీర కొంగు వైపు చూసింది.

"గా సీసల ఏమున్నది?"

"మా బాయి నీళ్లు."

"తాగనీకా?"

"కాదు. ఒకామెకు రుచి చూపియ్యాలె." వజీర సీసాను రెండు చేతులతో పట్టుకుంది. "గీ నీళ్లు ఆమె పోయినంక తీసినయ్. ఉప్పు ఆమె వెంట రాలేదని చెప్పాలె."