టేపు మీది అంకెలు

ఫొటోగ్రాఫరుకి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు నిదానం. ఫోన్లో చిటికెలో అయిపోయే పనికి స్టాండూ, ఫిల్మూ పట్టుకుని పూటంతా తిప్పలు పడే మనిషిని ఇంకేమంటారు? అక్క తన కుట్టుషాపు బోర్డుకి ఫొటో కావాలంటే, పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా నెమ్మదైన నలుపు తెలుపు ఫిల్మే తీశాడు. దానికి వెలుతురు చాలాసేపు అందాలి. అందితే మాత్రం వెంట్రుకని కూడా విడిగా చూపిస్తుంది.

"చేతులెందుకురా, మొహం చాలు," అంది అక్క.

"కుట్టేవాళ్లకి చేతులే కదక్కా అందం! బల్లమీద పెట్టు. నేను చెప్పేదాకా ఊపిరి కూడా పీల్చకు."

కిటికీ వెలుతురు చాలక షట్టరు సెకను పైనే తెరిచి ఉంచాడు. ఆమె కదిలిందేమోనని అనుమానం వచ్చి, "చిన్నపిల్లలు నయం. కాసేపు కుదురుగా ఉండలేవూ?" అని కసిరాడు. అక్క చేతులు ఒళ్లోకి తీసుకుంది.

ఫిల్ముని పలచటి మందులో, డబ్బాని మెల్లగా తిరగేస్తూ, పసిబిడ్డకి స్నానం చేయించినంత జాగ్రత్తగా కడిగాడు. ఆరాక భూతద్దం పెట్టి చూస్తే అక్క మెడలోని టేపు మీద అంకెలు కూడా చదవొచ్చు. ఇక మనవాడి కాళ్లు నేలమీద ఆగలేదు. మిగతా ఫొటో చూడాలన్న ధ్యాసే లేదు.

సరిగ్గా అప్పుడే బడి హెడ్‌మిస్ట్రెస్ యూనిఫారాల ఆర్డరు మాట్లాడడానికి షాపుకొచ్చారు. ఆ ఆర్డరు మీదే అక్క ఇల్లు గడుస్తుంది. నిదానం ఊరుకుంటాడా? "రండి మేడమ్, ఫొటో పుట్టడం ఎప్పుడైనా చూశారా?" అంటూ ఇద్దరినీ షాపు వెనకున్న తన చీకటిగదిలోకి లాక్కుపోయి గడియ పెట్టాడు.

ఎర్రబల్బు కింద, ట్రేలోని కాగితం మీద ముందు కత్తెర తేలింది. తర్వాత టేపు.

"చూశారా ఆ అంకెలు! కెమెరా వెంట్రుకవాసి కదల్లేదు. బల్లమీద గీతలు చూడండి!"

గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఆ బల్లమీదే, అక్క చేతులుండాల్సిన చోట, పొగలాంటిది తేలింది. వేళ్లు లేవు.

"ఎప్పట్నించమ్మా ఈ వణుకు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా. "మొన్న కాజాలు వంకరగా ఉన్నాయంటే మిషన్ పాతదన్నావు."

అక్క చేతులు చంకల్లో దాచుకుంది. కెమెరా కదిలిందని నిదానం ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. ఆ దారి ఇప్పుడే తన నోటితో తనే మూసేసుకున్నాడు. సిగ్గుతో నిదానం చెవులు కాలిపోయాయి. రోజూ ఆ చేతుల మీదుగా కాఫీ అందుకుంటూ ఏనాడూ గమనించలేదు. పైగా, వణుకుతున్న మనిషిని పట్టుకుని కుదురు లేదని కసిరాడు.

"ముందు దాన్ని రెండో ట్రేలో వెయ్యరా, నల్లబడి పాడైపోతుంది," అంది అక్క. ఇప్పుడూ ఆమెకి వాడి ఫొటో గురించే బెంగ.

"ఈసారికి వేరేవాళ్లకిస్తానమ్మా. ఏమనుకోకు," అన్నారు హెడ్‌మిస్ట్రెస్. చీకట్లో ఆవిడకి గడియ దొరకలేదు. అక్కే ముందుకెళ్లింది. ఆమె పట్టుకున్న గడియ చాలాసేపు టకటకా కొట్టుకుంది. పక్కనే నిలబడ్డ తమ్ముడికి సాయం వెళ్లడానికి కూడా మొహం చెల్లలేదు.