మూడు కాపీల అక్క

బుడ్డికీ పుస్తకాలకీ పడదు. చదవడం రాక కాదు, ఒకచోట కూర్చోవడం రాక. యాభై రెండేళ్ళ మనిషిని ఇంకా బుడ్డీ అని పిలిచేది లోకం మొత్తం మీద అక్క ఒక్కతే. ఆ అక్క పోయి ఎనిమిది నెలలైంది. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో బుడ్డి పొద్దున తొమ్మిదింటికి బల్ల ముందు నిలబడిందంటే సాయంత్రం ఐదింటిదాకా మైనం, ప్లాస్టరు, అరగదీసే మిషను రొద. ఇంటికొచ్చాక ఇంకేం పుస్తకం పడుతుంది చెప్పండి?

అక్క అలా కాదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా వాళ్ళ లైను వీళ్ళకీ వీళ్ళ లైను వాళ్ళకీ కలిపింది. మిషన్లొచ్చి ఆ కుర్చీ కాస్తా లాగేసుకున్నాక ఇంట్లో కూర్చుని ఈ-పుస్తకాలు పోగేసింది. మూడువేల రెండువందల పద్నాలుగు! అన్నీ ఒకే ఒక్క హార్డ్ డిస్కులో. ఆ డిస్కు మీద ఆవిడ చేతిరాతతోనే ఒక చీటీ అంటించి ఉంటుంది: "మూడు కాపీలుండాలి. రెండు ఇంట్లో, ఒకటి బయట." అందరికీ చెప్పడమే గానీ తను మాత్రం ఒక్క కాపీ తీసిన పాపాన పోలేదు మహాతల్లి.

బావ ఆ డిస్కు తెచ్చి బుడ్డి చేతిలో పెట్టాడు. "నేను పేపరు తప్ప ఇంకోటి చదవనని తెలుసుగా అమ్మాయ్. మీ అక్క ఆస్తి ఇది. నువ్వే ఉంచుకో."

"నేను మాత్రం ఏం చదివి చచ్చాను బావా?"

"చదవకపోతే పోనీ, తెరిచి చూడు. ఎక్కడ చూసినా నీ పేరే."

తెరిచి చూసింది. పేజీల అంచుల్లో అక్క రాసుకున్న నోట్సు. "బుడ్డీ, ఇది చదువు, మన పాత మేడ మెట్లు గుర్తొస్తాయి." "బుడ్డీ, వీడు అచ్చం మీ ల్యాబు ఓనరే, పిల్లికి బిచ్చం పెట్టడు." "బుడ్డీ, తర్వాతి పేజీలో ఏడుపొస్తుంది, ముందే చెప్తున్నా." లెక్క చూస్తే పందొమ్మిది వందల ఏడున్నాయి. పద్నాలుగేళ్ళుగా అక్క పుస్తకాలు పంపుతూనే ఉంది, ఫోన్లో "చదివావా?" అని అడుగుతూనే ఉంది. "ఆ, చదువుతాలే" అని ఈవిడ తప్పించుకుంటూనే ఉంది. "సరేలే, తలుపు గడియ పెట్టావా?" అని అక్క ఫోను పెట్టేసేది. పద్నాలుగేళ్ళలో బుడ్డి ఒక్కటంటే ఒక్కటి తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడా పిలుపులన్నీ వరసగా కళ్ళబడేసరికి సిగ్గుతో కుమిలి కుమిలి ఏడ్చింది.

ఏడ్చాక ఒట్టు పెట్టుకుంది. రోజూ ల్యాబు నుంచి రాగానే పది పేజీలు. అక్క సగంలో వదిలేసిన నవలతోనే మొదలుపెట్టింది, సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలా కాసేవాడి కథ. అక్క ఎక్కడ ఆగిందో తెలిపే గుర్తు అరవై ఒకటో శాతం దగ్గరుంది. బుడ్డి దాని జోలికి పోకుండా మొదటి పేజీ నుంచి చదివింది.

మర్నాడు గుర్తు అరవై మూడు దగ్గరుంది. ఏదో నొక్కి ఉంటాను, నా చేతులే అంత అనుకుంది. ఆ మర్నాడు అరవై ఆరు. నాలుగో రోజు అంచులో కొత్త నోటు, నిన్నటి తేదీతో.

"బుడ్డీ, ఇన్నాళ్ళకి వచ్చావన్నమాట. మెల్లిగా చదువు. నేను ముందున్నా."

బుడ్డి ల్యాప్‌టాప్ టప్పున మూసేసి, కుర్చీ దానికి అడ్డంగా జరిపి, వంటింట్లోకెళ్ళి నిలబడింది. మర్నాడు ల్యాబులో మైనం మాడబెట్టి ఓనరు చేత చివాట్లు తింది. సాయంత్రం గుండె చిక్కబట్టుకుని ఆ నోటు కిందే "ఎవరు?" అని రాసింది. జవాబు ఆ మర్నాడు కనబడింది.

"ఎవరేంటే? పద్నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చి, పైగా ఎవరని అడుగుతున్నావా? తలుపు గడియ పెట్టావా?"

అంతే, భయం ఎటు పోయిందో పోయింది. ఇంత చక్కగా తిట్టేవాళ్ళు తనకి ఇంకెవరున్నారు? గబగబా వెళ్ళి గడియ పెట్టొచ్చి "పెట్టాను అక్కా" అని రాసింది.

ఆ తర్వాత రెండు వారాలు బుడ్డి నేల మీద నడవలేదంటే నమ్మండి. అంతలో డిస్కు టక్ టక్ మనడం మొదలుపెట్టింది. రిపేరు షాపు నడిపే ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని పెదవి విరిచింది.

"లోపల చదివే ముల్లు గీసుకుంటోందండీ. ఇంకొక్కసారి చదవనిస్తుందేమో. తర్వాత ఇక లేదనుకోండి."

"మూడు కాపీలు కావాలి. ఒక్కసారే మూడూ తీయండి."

"ముందు ఒకటి తీద్దాం. చాలకపోతే ఆ కాపీ నుంచే ఇంకోటి తీసుకోవచ్చుగా?"

బుడ్డి ఒక్క నిమిషం తటపటాయించింది. తన పనిలో పద్ధతి వేరు. నోటి అచ్చు తీసిన మెత్తటి ముద్దలో ప్లాస్టరు ఒక్కసారే పోయాలి. రెండోసారి పోస్తే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, దాని మీద చేసిన పళ్ళ సెట్టు నోట్లో పెడితే మాత్రం కుదరదు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ ముప్పై ఏళ్ళుగా తనే ఈ మాట చెప్తోంది. కానీ ఎదురుగా డిస్కు మీద అక్క చీటీ. అక్క మాట ఇన్నేళ్ళూ వినలేదు, ఈ ఒక్కటైనా విననీ అనుకుంది.

"మూడూ తీయండి" అంది.

మూడూ వచ్చాయి. మూడోది పూర్తవుతూనే పాత డిస్కు చప్పుడు ఆగిపోయింది. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో ఉంచింది, ఒకటి కొత్త డిస్కులో పెట్టి బీరువాలో దాచింది, మూడోది ఇంకో డిస్కులో ల్యాబుకి తీసుకెళ్ళి తన సొరుగులో పెట్టి తాళం వేసింది. చీటీలో రాసినట్టే, పొల్లుపోకుండా.

మర్నాడు ల్యాప్‌టాప్‌లో అక్క రాసింది: "ఇల్లు మారినట్టుందే. సర్దుకుంటాలే." హమ్మయ్య అనుకుని, ఎందుకైనా మంచిదని బీరువాలోది కూడా పెట్టి చూసింది. అందులోనూ అదే పేజీలో అవే మాటలు. ఆ మర్నాడు భోజనాల వేళ ల్యాబులోది అక్కడి కంప్యూటర్లో పెట్టి తెరిచింది. అక్కడా అవే, కింద ఇంకో ముక్క ఎక్కువ: "ఆ గరగరలాడేదేంటే? పళ్ళు కొరికేదెవరు?"

బుడ్డి ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. అరగదీసే మిషను సంగతి మిగతా రెండింటికీ తెలియదు.

నిజంగానే తెలియదు. ల్యాప్‌టాప్‌ అక్కకి చెప్పిన కబురు బీరువా అక్కని అడిగితే "నాకెప్పుడు చెప్పావే? ఎవరికి చెప్పి నాతో అంటున్నావు?" అని నిలదీసింది. అక్క దగ్గర అబద్ధం ఎక్కడ నిలిచింది గనక? ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ మర్నాడు మూడు చోట్లా ఒకటే మాట: "మిగతా ఇద్దరూ ఎలా ఉన్నారు?"

అలా బుడ్డి ఆపరేటరైంది. వాళ్ళ ముక్క వీళ్ళకీ, వీళ్ళ ముక్క వాళ్ళకీ చేరవేయడమే పని. ఇంట్లో ఇద్దరివీ చీటీ మీద రాసుకుని ల్యాబుకి పట్టుకెళ్ళడం, ల్యాబులో ఆవిడది రాసుకుని ఇంటికి తేవడం. "లైన్లో ఉండండమ్మా" అని తనలో తనే అనుకుని మురిసిపోయేది. ముగ్గురూ తిట్టుకునేవారు, వేళాకోళాలాడుకునేవారు, కథలో ఎవరు దొంగో పందేలు కాసేవారు. ఈ సందట్లో పది పేజీల ఒట్టు కాస్తా అటకెక్కింది. "ఎక్కడిదాకా వచ్చావే?" అని ముగ్గురూ అడిగేవాళ్ళు. "వస్తున్నా వస్తున్నా" అని రాసేది. నూట నలభయ్యో పేజీ దగ్గరే ఉంది. రేపు చదువుతాలే అనుకునేది, ఎప్పట్లాగే.

ఇంతలో జ్వరం తగులుకుని నాలుగు రోజులు మంచం దిగనివ్వలేదు. ల్యాప్‌టాప్ కట్టేసే ఉంది. డిస్కు బీరువాలో ఉంది. ల్యాబు సొరుగు తాళంచెవి బుడ్డి దిండు కిందే ఉంది. ఒకదాన్నొకటి కలిపే తీగ లేదు, నెట్టు లేదు, ఏమీ లేదు. పాపం ముగ్గురూ ఒంటరిగా ఎదురుచూస్తుంటారు అని జ్వరంలో కూడా మథనపడింది.

ఐదో రోజు ల్యాప్‌టాప్ తెరిచింది. గుర్తు నూరో శాతం దగ్గరుంది. ఆఖరి పేజీ అంచులో నోటు.

"లైను కలిసింది. ఇక బుడ్డిని కష్టపెట్టక్కర్లేదు."

దాని కింద ఒక దాని తర్వాత ఒకటి, అన్నీ అక్క మాటలే.

"దీపం ఆర్పింది వాడేనని నాకు ముందే తెలుసు."

"నేను వాడి పెళ్ళాం అనుకున్నా."

"నీకెలా తెలీలేదే? నువ్వూ నేనూ ఒకటే కదా!"

"ఆ ల్యాబు రొదలో నాకేం తెలుస్తుంది."

"బుడ్డి ఎక్కడిదాకా వచ్చిందో?"

"నూట నలభై."

"పోన్లే పాపం. దానికి ఎప్పుడు తీరింది గనక."

"గడియ పెట్టుకుందో లేదో."

"పెట్టుకునే ఉంటుందిలే. చిన్నపిల్లా ఏంటి?"

బీరువాలోది తీసి పెట్టింది. అక్షరం తేడా లేదు. ఆటో మాట్లాడుకుని, నీరసంతో తూలుతూ ల్యాబుకెళ్ళి సొరుగులోదీ చూసింది. అక్కడా అంతే. ముగ్గురక్కలు గలగలా మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, అప్పుడే ఇంకో పుస్తకం మొదలుపెట్టారు. తనని మాత్రం ఒక్కరూ పిలవడం లేదు.

"అక్కా, నేనొచ్చా" అని రాసింది. "గడియ పెట్టలేదు. తలుపు బార్లా తీసే ఉంది. ఏంటే, తిట్టవా?" అని మూడు చోట్లా రాసింది. మర్నాడు చూసింది, ఆ మర్నాడు చూసింది. తను రాసినదాని పక్కనుంచే వాళ్ళ మాటలు సాగిపోతున్నాయి.

వారం తర్వాత బుడ్డి చూడటం మానేసి చదవడం మొదలుపెట్టింది. దీపస్తంభం కథ పూర్తి చేసింది. దొంగ ఎవరో తెలిసింది, చెప్పడానికి మనిషి లేదు. తర్వాత మూడువేల రెండువందల పద్నాలుగులో మొట్టమొదటిది తెరిచింది. మూడో పేజీ అంచులో పద్నాలుగేళ్ళ కిందటి పిలుపు అలాగే ఉంది: "బుడ్డీ, చదివావా?"

"చదివాను అక్కా" అని దాని కింద రాసింది. తర్వాత పేజీ తిప్పింది. రోజూ సాయంత్రం ల్యాబు నుంచి రాగానే అదే పని, ఒక్కో పిలుపుకీ జవాబు రాస్తోంది. ఇప్పటికి నూట పన్నెండు రాసింది. తలుపు గడియ మాత్రం, ఎవరైనా అడిగేదాకా పెట్టనని మొండికేసి కూర్చుంది.