ఎడమ చేతి కొలత

మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. అందుకే అందరికీ టేపు పిన్ని అయింది. స్కూలు యూనిఫారాలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. అంతకన్నా గొప్ప సంగతి, ఒకరి కొలత ఇంకొకరికి చెప్పదు. ఎవరి నడుము ఎంత పెరిగిందో ఆవిడకూ ఆవిడ నోటుబుక్కుకూ తప్ప మూడో కంటికి తెలియదు.

అంతటి గుట్టు మనిషికి నెల్లాళ్లుగా ఒకటే బెంగ. కూతురికి పద్నాలుగేళ్లు. ఆడపిల్లలకు ముందుముందు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆరోగ్య కేంద్రంలో టీకా వేస్తున్నారు. తల్లి సంతకం పెట్టాల్సిన కాగితం మాత్రం మిషను సొరుగులో, బొత్తాల డబ్బా కింద పడి ఉంది. ఈ శనివారంతో ఆఖరు.

సంతకానికి చెయ్యి రాకపోవడానికి కారణం టీచరమ్మ. ఉద్యోగం నుంచి రిటైరైనా ఆవిడ గొంతు ఇంకా రిటైర్ కాలేదు. ఈ జబ్బు తెచ్చే క్రిమి ఆడామగా కలయికతో అంటుకుంటుందని ఎవరో ఫోనులో చదివి వినిపించిన రోజున, మంచి ఇళ్ల పిల్లలకు ఆ సూదితో పనేమిటని ఆవిడ ఒక్క మాట అనేసింది. ఇంకేముంది, వీధి వీధంతా అదే పాట. టీకా వేయించుకున్న పిల్లకు ఏదో కథ ఉన్నట్టే లెక్క. జబ్బుకు భయపడాల్సింది పోయి సూదికి సిగ్గుపడటం మొదలుపెట్టారు. పిన్నికి ఒళ్లు మండేది. కానీ కూతురి గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని నోరు మెదపలేదు.

సోమవారం కొత్త యూనిఫారాలకు కొలతలు మొదలయ్యాయి. మొదటి పిల్ల, ఎడమ చేతికి టేపు చుట్టగానే "అబ్బా, మెల్లగా పిన్నీ" అని వెంటనే నాలుక కరుచుకుంది. పక్కనున్న తల్లి కిటికీలోంచి వీధిని మహా శ్రద్ధగా చూడసాగింది. మంగళవారం ఇంకో పిల్ల. అదే చెయ్యి, అదే చోటు. అడక్కుండానే మంచం కోడు తగిలిందని చెప్పింది ఆ తల్లి. బుధవారం ఇద్దరు, వాళ్లకీ మంచం కోళ్లే. ఊళ్లో మంచాలన్నీ కూడబలుక్కుని ఎడమ చేతుల మీద పడ్డాయా అని పిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే కోపమూ వచ్చింది. వీధిలో టీకా మాటెత్తితే ఒంటికాలి మీద లేచినవాళ్లే ఆరోగ్య కేంద్రం వెనక గేటు దారిన వెళ్లి పిల్లలకు వేయించుకొస్తున్నారు. వాళ్ల మాటలకు జడిసి ఆగిపోయింది తనలాంటివాళ్లే.

శుక్రవారం టీచరమ్మే మనవరాలిని వెంటబెట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. టేపు ఎడమ చేతి మీదికి పోగానే పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"బ్యాడ్మింటన్ ఎక్కువ ఆడింది" అంది టీచరమ్మ.

"ఎడమ చేత్తోనా?" అంది పిన్ని.

పిల్ల కిసుక్కున నవ్వింది. టీచరమ్మ దాన్ని బయట నిలబడమని, తలుపు దగ్గరికి వేసి వచ్చింది. ఆ గొంతు అంత సన్నగా పలకడం పిన్ని ఎప్పుడూ వినలేదు.

"మా చెల్లెలు అందరూ అనుకున్నట్టు కడుపునొప్పితో పోలేదే. ఈ జబ్బుతోనే పోయింది. చెప్పుకోలేక అలా అన్నాం."

పిన్నికి జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

"అన్నీ తెలిసి మాతో అలా అన్నారా టీచరమ్మగారూ? మీ మాట పట్టుకుని నెల్లాళ్లుగా నేను సంతకం పెట్టలేదు. మీ మనవరాలికి ఏమీ కాకూడదు. నా కూతురికి ఏమైనా ఫరవాలేదా?"

టీచరమ్మ తల వంచుకుంది. ఈ సంగతి ఎవరికైనా చెబుతావా అని అడిగింది. కొలతకొచ్చినవాళ్ల సంగతులు ఈ గది దాటవని పిన్ని మాటిచ్చింది.

"నా కూతురి సంగతి మాత్రం నా ఇష్టం. రేపు ముందు గేటు నుంచే తీసుకెళ్తాను" అంది.

వాళ్లు వెళ్లగానే సొరుగు లాగి, కాగితం మీద సంతకం పెట్టేసింది.

శనివారం తల్లీకూతుళ్లు వీధి మధ్యలోంచి నడిచారు. ఎక్కడికని అడిగినవాళ్లందరికీ టీకాకని పిన్ని దాచకుండా చెప్పింది. గుమ్మాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కూతురు తల దించుకుంది. అది చూసి పిన్ని అడుగు తడబడింది. పిల్లను అనవసరంగా నలుగురి నోళ్లలో పెట్టానా అనిపించింది.

అంతలో వెనక నుంచి గబగబా చెప్పుల చప్పుడు. టీచరమ్మ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. రిటైర్ కాని గొంతు మళ్లీ లేచింది.

"తలెత్తుకుని నడువమ్మా. మా మనవరాలికి మొన్ననే వేయించాను. మా చెల్లెలి రోజుల్లో ఈ టీకా లేదు. ఈ జబ్బుతోనే అది పోయింది."

ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. గుసగుసలు ఆగిపోయాయి. టీచరమ్మ కళ్లు తుడుచుకోకుండానే ఆరోగ్య కేంద్రం దాకా నడిచింది.

మధ్యాహ్నం పిన్ని మిషను ముందు కూర్చుందో లేదో ముగ్గురు తల్లులు వచ్చారు. కుట్టడానికి వాళ్ల చేతుల్లో బట్టల్లేవు. ఆరోగ్య కేంద్రం ఎప్పటిదాకా తెరిచి ఉంటుందని మెల్లగా అడిగారు.

పిన్ని గడియారం చూసింది.

"ఐదింటిదాకా. ఇంకా రెండు గంటల టైముంది, ముందు గేటు నుంచే వెళ్లండి."