ఓపికగల పిల్ల

బకెట్‌లో నానబెట్టిన చున్నీని ఎన్నిసార్లు పిండినా ఆ పులిసిన వాసన వదలడం లేదు. నిన్న సాయంత్రం క్యాంటీన్ వెనక రెండో సంవత్సరం కుర్రాడొకడు తాగి కక్కుకుంటుంటే వాడి తల పట్టుకున్నది ఈ అమ్మాయే. తోటి విద్యార్థుల చేత తాగుడు మాన్పించడానికి యూనివర్సిటీ పెట్టిన కౌన్సెలింగులో కౌన్సెలర్‌గా చేరినప్పుడు ఆమెకి నేర్పింది ఇది కాదు. వారానికోసారి గదిలో కూర్చో, అడుగు, విను, ఫోన్ నంబరు మాత్రం ఇవ్వకు అన్నారు. తన వంతుకి వచ్చిన ఈ కుర్రాడు ఏడిస్తే మనసు కరిగి ఇచ్చేసింది. అప్పట్నుంచీ వాణ్ణి క్లాసుకి లేపడం, పడిపోయినచోటి నుంచి రూముకి చేర్చడం, అసైన్‌మెంట్లు రాసిపెట్టడం అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. తన చదువు అటకెక్కింది. హాస్టల్ పిల్లలు డాక్టరమ్మా అని ఏడిపిస్తున్నారు. ఇక నావల్ల కాదని చెబితే, ఈ పని చూసే లెక్చరర్ నవ్వి, ఆడపిల్లలకి ఓపిక ఎక్కువమ్మా, వాడు నీ మాటొక్కటే వింటున్నాడు, కాస్త సర్దుకో అన్నాడు. ఆమెతోపాటు కౌన్సెలింగు చేసే మగపిల్లలకి ఆ ఓపిక ఎందుకు లేదో ఆయన చెప్పలేదు. ఒళ్ళు మండినా తలూపి వచ్చేసింది.

ఇంతలో వాడి తల్లి వచ్చిందని కబురొచ్చింది. చేతులు తుడుచుకుని విజిటర్ల గదిలోకి వెళితే, ఆవిడ ఎగాదిగా చూసి, పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. ఆవిడ మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నట్టుంది. వాడికి ఏ వేళప్పుడు కోపమొస్తుందో, అప్పుడు ఎదురుచెప్పకుండా ఎలా మసలాలో, గదిలో గాజు సామాను ఎందుకు ఉంచకూడదో వంట నేర్పినంత శ్రద్ధగా చెప్పుకొచ్చింది. వాడి తండ్రీ చదువుకునే రోజుల నుంచి ఇంతేనట. నీ మాటొక్కటే వింటాడని అందరూ కలిసి ఆయన్ని ఈవిడకి అప్పజెప్పారట.

"ఇకనుంచి నువ్వే చూసుకోవాలి తల్లీ. నాకు చేతకావడం లేదు," అంది.

అమ్మాయి కాస్త పక్కకి జరిగింది. అయినా ఆశ చావక అడిగింది.

"మరి ఆయన ఎప్పుడు మానేశారాంటీ?"

ఆవిడ అర్థంకానట్టు చూసింది. "మానడమేంటమ్మా? పోయేరోజు కూడా గ్లాసు నేనే అందించాను."

ఆ గొంతులో ఏడుపు లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఫోన్ మోగింది. వాడే.

"తియ్యమ్మా," అంది ఆవిడ వెంటనే. "తియ్యకపోతే ఇక్కడికే వస్తాడు."

తీసింది.

"బుధవారం కౌన్సెలింగు గదికి రా. అక్కడే మాట్లాడదాం. ఇంకెక్కడికీ నేను రాను," అని చెప్పి పెట్టేసింది.

ఆవిడ తిడుతుందనుకుంది. ఆవిడ లేచి వెళ్ళి, వాడొస్తున్నాడేమోనని బయటికి తొంగిచూసి, లోపలి నుంచి తలుపు గడియ పెట్టింది.