పడవవాడు ముందుకు జరగమన్నాడు

డ్రాయింగ్ మాస్టారు కాగితాల కట్టను తెచ్చి, బస్తా దింపినట్టు వదిన బల్లమీద దింపాడు. బల్లమీది టీ గ్లాసు ఎగిరిపడింది. వదిన గ్లాసునైతే పట్టుకుంది గానీ కట్టవైపు చెయ్యి చాపలేదు.

"ఇదేంటబ్బాయ్, పుస్తకమా, ప్రహరీగోడా?"

"లోకం వదినా. మొత్తం లోకం."

అందులో అబద్ధమేమీ లేదు. బళ్లో పిల్లలకు బొమ్మలు నేర్పే ఈ మాస్టారు, ముగ్గురు స్నేహితులతో కలిసి ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం మేడమీది గదిలో ఒక ఆట ఆడాడు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి, నేనిప్పుడు గోడ దూకుతున్నా, నేను రాజుగారికి అబద్ధం చెబుతున్నా అంటారు. దూకగలిగారా, అబద్ధం అతికిందా అన్నది పాచికలు తేలుస్తాయి. అలా ఆడుతూ ఆడుతూ నలుగురూ ఉప్పుదీవులని ఒక లోకాన్నే కట్టుకున్నారు. దాన్ని పుస్తకంగా వేస్తే, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కొనుక్కుని తమ బల్లమీద ఆడుకోవచ్చు. అలాంటి పుస్తకాలకు ఇప్పుడు గిరాకీ ఉందని వదినే కనిపెట్టింది.

వదినంటే ఆషామాషీ మనిషి కాదు. అన్నయ్యకు అచ్చుయంత్రం తెలుసు, వ్యాపారం మాత్రం ఆవిడకే తెలుసు. బడిపిల్లల గైడ్లూ గోడ పటాలూ వేసి ప్రెస్సును నిలబెట్టింది. రాసినవాళ్లు ఆవిడకు వెనకాల పెట్టుకున్న పేరు కత్తెర. ఆ సంగతి ఆవిడకు తెలుసు, పైగా కాస్త గర్వం కూడా.

ఆ నలుగురిలో ఒకడు బస్సు కండక్టరు. ఆటలో పడవ నడిపేవాడు. డ్యూటీ దిగినా వాడి నోరు డ్యూటీ దిగేది కాదు. ఉప్పుదీవుల రేవులో పిట్టకూడా లేని పడవలోకి ఎవరు కాలు పెట్టినా, రాగం తీసి "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనేవాడు. ఎన్నిసార్లు విన్నా మిగతా ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. రెండేళ్ల కిందట ఆ కండక్టరు గుండెనొప్పితో పోయాడు. ఆట ఆగిపోయింది. మాస్టారు ఎవరి ముందూ ఏడవలేదు. కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ఆ కట్టలో అన్నిటికన్నా లావు అధ్యాయం పడవవాడిదే. వాడి ఎత్తూ, పెదనాన్న కొడుకుల పేర్లూ, తెడ్డుకు వాడిన కర్రా, ఏదీ వదల్లేదు.

వదిన కట్ట అంతా చదివింది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు.

"నిన్నెరగని వాళ్లచేత ఆడించి చూద్దాం" అంది.

ఆదివారం పొద్దున్న ప్రెస్సు ముందుగదిలో ముగ్గురు చేరారు. మందుల షాపావిడ, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఒక కాలేజీ అమ్మాయి. ఇలాంటి ఆటలు ముగ్గురికీ అలవాటే. కథ నడపడం కాలేజీ అమ్మాయి వంతు.

"నేను జాలరి కూతుర్ని" అంది మందుల షాపావిడ హుషారుగా.

"ఆ దీవిలో జాలర్లుండరండీ" అన్నాడు మాస్టారు పక్కనుంచి. "చేపలెందుకు పోయాయో మూడో భాగంలో ఉంది."

ఆవిడ మూడో భాగం తీసింది. మెకానిక్కు తాళాలు తీసే దొంగనన్నాడు. అక్కడి తాళాలు వేరే రకమని, మాస్టారు బొమ్మలతో సహా చూపించాడు. కాలేజీ అమ్మాయి కథ మొదలుపెడదామని నోరు తెరిచి, వీధి పేరు తప్పు చెబుతానేమోనని మూసేసింది. కాసేపటికి ముగ్గురూ తలా ఒక భాగం ముందేసుకుని గుడ్లప్పగించి చదువుతున్నారు. పాచికలు పెట్టిన చోటే ఉన్నాయి.

వెళ్లేటప్పుడు మందుల షాపావిడ చాలా మర్యాదగా, "భలే రాశారండీ. పరీక్షెప్పుడు?" అని అడిగింది.

అది మెచ్చుకోలే అనుకున్నాడు మాస్టారు. వదిన మాత్రం తలుపేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇందులో చాలా మటుకు తీసేస్తున్నా."

"అవన్నీ మేం ఆడినవి వదినా! ఒక్కొక్కటీ ఒక్కో ఆదివారం!"

"అదే చెబుతున్నా. ఈ పుస్తకం కొనేవాడు నీ ఆదివారాలు కొనుక్కోడబ్బాయ్. వాడి ఆదివారాల కోసం కొనుక్కుంటాడు. నువ్వు వాడికి కూర్చోడానిక్కూడా చోటుంచలేదు."

"అయితే పడవవాడిని కూడా కోసేస్తావా?"

"వాడి అధ్యాయమే ముందు తీస్తాను."

మాస్టారు ఒంటికాలిమీద లేచాడు. గైడ్లు అమ్ముకునేవాళ్లకు స్నేహమంటే ఏం తెలుస్తుందన్నాడు. అనకూడని మాట అని నోట్లోంచి వస్తుండగానే తెలిసింది, కానీ ఆగలేదు. కట్టను చంకలో పెట్టుకుని మేడెక్కేశాడు. ఆ కాగితాలు పోతే కండక్టరు రెండోసారి పోయినట్టేనని అతని భయం. ఒక్కసారి పోతేనే తట్టుకోలేక ఇంత రాశాడు. ఇంకోసారంటే అతనివల్ల కాదు.

వారమంతా ఇంట్లో మూతిముడుపులే. వదిన పిలిస్తే ఊఁ అనేవాడు, అంతే. చివరికి అన్నయ్యచేత కబురు పంపింది. ఈ ఆదివారం వచ్చి కూర్చోమను, నోరు మాత్రం తెరవొద్దను, అంతా విన్నాక వద్దంటే అచ్చు వెయ్యను. వద్దనడానికే మాస్టారు కిందికి దిగాడు.

మళ్లీ ఆ ముగ్గురే. బల్లమీద ఈసారి పల్చటి పుస్తకం, పిన్నులు కొట్టిన ప్రూఫు కాపీ. కట్టకు ముందే తీయించి పెట్టుకున్న జిరాక్సులోంచి వదిన ఏరి కూర్చింది. అతను గీసిన దీవుల పటం అట్టలోపల చక్కగా కుదిరింది. కాలేజీ అమ్మాయి మొదటి పేజీ తీసి చదివింది.

"ఉప్పుదీవులకు ఎవరైనా పడవమీదే రావాలి. పడవ నడిపేవాడు ఒక్కడే. పడవ ఖాళీగా ఉన్నా సరే, ఎక్కేవాళ్లందరితోనూ ముందుకు జరగండి, ముందుకు జరగండి అంటాడు. ఎందుకంటాడో మీ బల్ల దగ్గర మీరే తేల్చుకోండి."

ముగ్గురూ పగలబడి నవ్వారు. మాస్టారు తలెత్తి చూశాడు. రెండేళ్లయింది, ఆ మాటకు మనుషులు నవ్వగా విని.

"పడవవాణ్ని నేను" అన్నాడు మెకానిక్కు చెయ్యెత్తి. "ఈయన బాధ నాకు తెలుసు. లిఫ్టులో లోపలెంత చోటున్నా జనమంతా గుమ్మంలోనే నిలబడతారు."

"అది కాదులే" అంది కాలేజీ అమ్మాయి. "ఆయనకి కనబడేవాళ్లు మనకి కనబడటంలేదేమో. పడవ నిండా ఉన్నారేమో!"

మందుల షాపావిడ పాచికలు గుప్పిట్లో ఆడిస్తూ ఆలోచించింది. "రావాల్సినవాళ్లు ఇంకా ఉన్నారని నమ్మకం అయ్యుంటుంది. వాళ్లకోసం చోటు చేయిస్తున్నాడు."

పడవవాడి పెదనాన్న కొడుకుల పేర్లు కూడా రాసిన మాస్టారు, వాడు ఆ మాట ఎందుకంటాడన్నది రాయలేదు. రాయడానికి తెలియదు. నవ్వడమే గానీ అడగాలని ఎప్పుడూ తోచలేదు. వాడు బతికున్నన్నాళ్లూ అడగని ప్రశ్నను ఈ ముగ్గురూ కూర్చున్న అయిదు నిమిషాలకే అడిగేశారు. కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

పాచికలు దొర్లాయి. జాలరి కూతురు పడవెక్కింది. ఈసారి చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు, మాస్టారు అసలే ఎత్తలేదు. మెకానిక్కు గొంతు బండబారిన గొంతు, కండక్టరు రాగం దరిదాపుల్లో కూడా లేదు. అయినా పడవ కదిలింది.

"ఆ లావు కట్టలో ఈ పడవాయన గురించి ఇంకా ఏదో ఉండాలే?" అంది మందుల షాపావిడ మధ్యలో. "ఆ రోజు చదవలేకపోయా. ఇప్పుడు చదవాలనుంది."

గుమ్మంలోంచి వదిన గొంతు వినబడింది. "అది విడిగా వేస్తాంలెండి. ముందు దీన్ని అమ్ముకోనివ్వండి."

మాస్టారు లేచి ఆవిడ దగ్గరికి వెళ్లాడు. "ఇంత కోసినదానివి, ఆ ఒక్క మాటే ఎందుకు ఉంచావు వదినా? అదీ మొదటి పేజీలో?"

"జనాన్ని ఏది పట్టుకుంటుందో నాకు తెలుసు కదబ్బాయ్. నన్ను పట్టుకుంది." వదిన తల తిప్పుకుంది. "పెళ్లై వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. మీ అన్నయ్య ఎప్పుడూ మెషీను దగ్గరే. ఆదివారం పూట మేడమీంచి ఆ కేక వినబడేది. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. నన్నీ ఇంట్లో మొదట నవ్వించింది అతనే. నేనెలా తీసేస్తాను?"

"ఆ రోజు నేనన్నది తప్పు వదినా. చాలా మేలు చేశావు" అన్నాడు మాస్టారు. "నాకూ, వాడికీ."

"అయితే అచ్చుకిమ్మంటావా?"

"ఇచ్చెయ్."

అతను బల్ల దగ్గరికి వచ్చి, "నేనూ ఎక్కొచ్చా?" అని అడిగాడు. ఆ లోకాన్ని కట్టినవాడు అనుమతి అడుగుతున్నాడని అక్కడెవరికీ వింతగా అనిపించలేదు. మెకానిక్కు లేని తెడ్డు ఒకటి చేత్తో పట్టుకుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"ముందుకు జరగండి సార్, ముందుకు జరగండి. మీ వెనకాల ఇంకొకరున్నారు."

మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ ఆట దగ్గర కూర్చోని వదిన, ఒక కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. అతను కళ్లు తుడుచుకుని తన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.