నొప్పికి మూడు మార్కులు

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రి ఐసీయూలో రామ్మోహనరావు గారికి బైపాస్ అయి మూడు రోజులైంది. ఛాతీలో పెట్టిన రెండు గొట్టాల్లో ఒకటి నిన్న తీశారు. రెండోది ఇవాళ పదకొండింటికి తీయాలి.

నర్సు అర్షియా బెంగంతా ఆ రెండో గొట్టం మీదే. నిన్న లాగినప్పుడు ఆయన మంచం కడ్డీని పట్టుకుంటే, ఆ పట్టు విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఆ తర్వాత దగ్గమంటే దగ్గలేదు, గట్టిగా ఊపిరి తీయమంటే తీయలేదు. అలాగే ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. అయినా నొప్పి పదికి ఎంత అని అడిగితే ఆయన చెప్పింది మూడు. అదే చార్టులోకి ఎక్కింది. మూడుకి నొప్పి ఇంజెక్షన్ ఎందుకు, మత్తు రావడం తప్ప లాభం లేదు, అన్నాడు డాక్టర్ వంశీధర్.

పదింటికి చూడటానికి వచ్చిన రామ్మోహనరావు గారి భార్య రత్నమాలను అర్షియా తలుపు దగ్గరే ఆపింది.

"ఆంటీ, సార్‌కు నొప్పి తెలుస్తలేదా ఏంది?"

"తెలియకేం! ముప్పై ఏళ్లు అమీర్‌పేటలో ఫిజిక్స్ చెప్పారు. ఏటా ఇంటర్ పేపర్లు దిద్దడానికి వెళ్లేవారు. ఆయన చేతిలో పదికి ఆరు దాటినవాడు లేడమ్మా. నా గుత్తొంకాయ కూరకి నాలుగున్నర. అది వేసి మళ్లీ వడ్డించుకుంటారు."

అర్షియా చార్టు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"సార్, నిన్నటి పేపర్ రీవాల్యుయేషన్‌కు వచ్చింది."

రామ్మోహనరావు కళ్లు తెరిచారు. "ఎవరమ్మా దరఖాస్తు పెట్టింది?"

"నొప్పే పెట్టింది సార్. మార్కులు తక్కువేసిన్రంట."

"మూడే ఎక్కువ. అరిచానా, ఏడ్చానా?"

"గట్ల గంపగుత్తగ వేస్తే ఎట్ల? స్టెప్ మార్కులుంటయి గదా."

స్టెప్ మార్కులు లేవనడం ఆయన వల్ల కాదు.

"సరే, అడుగు."

"గొట్టం లాగేటప్పుడు ఊపిరి ఆడిందా?"

"ఆడలేదు. రెండు వేసుకో."

"కడ్డీ వదిలిన్రా?"

"లేదు. ఇంకో రెండు."

"తర్వాత దగ్గగలిగిన్రా?"

"దగ్గితే ప్రాణం పోయేట్టుంది. రెండు."

"నిద్ర?"

"ఏం నిద్ర? రెండు వెయ్యి." కూడిక పూర్తయ్యాక ఆయన తల కొంచెం లేపారు. "ఎనిమిదా? నా చేత్తో ఎవరికీ ఎనిమిది వేయలేదే!"

"రత్నమాల ఆంటీకి సుత వేయలేదంట."

"ఆవిడకి చెప్పకు."

వంశీధర్ చార్టు చూసి ముఖం చిట్లించాడు. "నిన్న మూడు, ఇవాళ ఎనిమిదా?"

"మీకు అనుమానంగా ఉంటే మళ్లీ దిద్దుకోండి డాక్టర్," అన్నారు రామ్మోహనరావు. "స్టెప్పులన్నీ ఆ అమ్మాయి దగ్గరున్నాయి."

వంశీధర్ అర్షియా చెప్పింది విన్నాడు. ఇంజెక్షన్ రాశాడు. గొట్టం చుట్టూ అర్షియా మంచుగడ్డల సంచీ కూడా పెట్టింది. మందు పని చేసేదాకా ఆగి, పదకొండు దాటాక వంశీధర్ గొట్టం తీశాడు. కట్టు కట్టాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

"దగ్గుండ్రి సార్ జర," అంది అర్షియా.

ఆయన దిండు గుండెకు హత్తుకుని దగ్గారు. మళ్లీ దగ్గారు.

"ఇప్పుడు చెప్పుండ్రి, పదికి ఎంత?"

"ఏదో లాగినట్టుంది," అన్నారు రామ్మోహనరావు. "పరీక్ష మొదలెట్టకుండా మార్కులెలా వేయమంటావు?"