కరీమున్ అరచెయ్యి

వెంకటరావమ్మగారి వీధిగోడ మీద పొద్దున్నే చేతిరుమాళ్లు అతికి ఉండేవి. తడిగా అతికిస్తే ఇస్త్రీ చేసినట్టు ఆరతాయని గుంటూరులో ఆ సందు ఆడవాళ్ల నమ్మకం. ఆ గోడకీ ఓ అలవాటుంది. అరచెయ్యి ఆనించి ఏడాది చెబితే, ఆ ఏటి సున్నం పైకొచ్చి కాసేపు నిలిచేది. "మా పెద్దాడు పుట్టిన ఏడు" అంటే నీలం, "తుపానొచ్చిన ఏడు" అంటే కావి. చూసుకుని, దణ్ణం పెట్టుకుని, ఎవరి పనిమీద వాళ్లు వెళ్లిపోయేవారు.

ముప్పై ఏళ్లు ఆ గోడకు సున్నం వేసింది కరీమున్. పిడుగురాళ్ల సున్నం తనే తడిపేది. పాత పూత గీకనిచ్చేది కాదు. పనయ్యాక కింది మూలన అరచెయ్యి అద్ది వెళ్లేది. మరుసటేడు ఆ చేతిమీదే మళ్లీ సున్నం. ఆవిడ పోయి రెండేళ్లయింది.

కూతురు ఖుర్షిదా, పక్క సందులో నాగేంద్రబాబు షెడ్డులో బట్టలకు అచ్చులు వేసేది. 2003 ఎండాకాలంలో హైదరాబాదులో పెద్ద షాపు నడిపే మాధురిగారు ఒక్కటంటే ఒక్క తెల్లపట్టు ముక్క పంపారు. పాత పట్నాల గోడల్లా పెచ్చులూడిన రంగులతో స్కార్ఫ్ కావాలట. నచ్చితే ఏడాదికి సరిపడా పని. నచ్చకపోతే షెడ్డు మిర్చి గోడౌను అయిపోతుంది.

"పెచ్చులూడిన గోడని మెళ్లో వేసుకుంటారా? తిన్నదరక్క కాకపోతే," అన్నాడు నాగేంద్రబాబు.

ఖుర్షిదా కాగితాల మీద పదిరకాలు వేసి చూసింది. అన్నీ కొత్త గోడల్లాగే వచ్చాయి. మర్నాడు మాధురిగారు వస్తారనగా, ఆ పట్టుముక్కకున్న గంజి పోయేలా ఉతికింది. నీడన ఆరెయ్యాల్సినదాన్ని, ఆలోచనలో పడి, చేతిరుమాలులా తీసుకెళ్లి గోడకు అతికించింది. ముడతలు సర్దుతూ, "అమ్మ ఉంటే ఏ రంగు వేసేదో," అనుకుంది పైకే.

ఏ ఏడో చెప్పలేదు. అందుకని గోడ అన్ని ఏళ్లూ ఇచ్చేసింది.

ఆరాక ఒలిస్తే, నీలం కింద కావి, కావి పగిలిన చోట లేత పసుపు, అంచున వాననీటి చారలు. మూలన తెల్లగా ఓ అరచెయ్యి. చిటికెన వేలు కాస్త వంకర.

"బ్రహ్మాండంగా ఉంది గానీ, ఆ మూల మరకేంటమ్మా? కత్తిరించెయ్," అన్నాడు నాగేంద్రబాబు.

"కత్తిరిస్తే ఇవ్వనండి."

"షెడ్డు పోద్ది."

"పోనివ్వండి. ఇది మాత్రం కత్తిరించను."

మర్నాడు మాధురిగారు దాన్ని చాలాసేపు చూశారు. వేలు ఆ మూలకు పోయి ఆగింది. నాగేంద్రబాబు నేల చూపులు చూశాడు.

"ఈ చెయ్యి ఎవరిది?"

"మా అమ్మది మేడమ్. సున్నాలు వేసేది."

మాధురిగారు స్కార్ఫు మెడకు చుట్టుకుని, అరచెయ్యి సరిగ్గా గుండె మీదికి వచ్చేలా సర్దుకున్నారు. "వంద కావాలి. ఈ చెయ్యి లేకుండా ఒక్కటొచ్చినా వెనక్కి పంపేస్తాను."

షెడ్డు ముందు మిర్చి బస్తాలు దించబోతున్న లారీని నాగేంద్రబాబు తనే ఎదురెళ్లి తిప్పి పంపేశాడు.

వారానికి పట్టు తానులు దిగాయి. వెంకటరావమ్మగారు గోడకు పసుపూ కుంకుమా పెట్టి, చేతిరుమాళ్లన్నీ ఒలిచి ఎవరివి వాళ్లకిచ్చేశారు.

"ఇకమీద మీ గుడ్డలు మీ ఇళ్లల్లో ఆరేసుకోండే. కరీమున్ పనిలోకొచ్చింది."